మతిమరుపుకి కరెంటు వైద్యం: ఎంతవరకు వచ్చింది?

సోమవారం మా జిల్లా ఆసుపత్రి ఓ.పి. అంటే తిరునాళ్ళే. ఆ జనంలోంచి పదకొండు గంటలవేళ నలభై అయిదేళ్ళ మనిషి ఒకాయన తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. నేతచీర శుభ్రంగా కట్టుకుంది. నుదుట కుంకుమ బొట్టు చెదరలేదు. కూర్చోగానే నావైపు చూసి, "ఏం బాబూ, మీ అమ్మగారు కులాసాయేనా?" అని అడిగింది.

ఆవిడ అంతకుముందు నన్నెన్నడూ చూడలేదు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. అయినా "కులాసాయేనమ్మా" అన్నాను. రెండు నిమిషాలయ్యాక మళ్ళీ అదే ప్రశ్న. పావుగంటలో అయిదుసార్లు అడిగింది. అయిదుసార్లూ అదే మర్యాద, అదే ఆప్యాయత.

కొడుకు జేబులోంచి మడతపెట్టిన కరపత్రం తీసి నా బల్లమీద పెట్టాడు. మతిమరుపుకి మెదడు కరెంటు చికిత్స చేస్తామని, గుణం గ్యారంటీ అని పట్నంలో ఎవరో వేసింది. "వాళ్ళడిగిన సొమ్ముకి ఇంటిస్థలం బేరం పెట్టానండీ. ఎల్లుండి రిజిస్ట్రేషను. ఒక్కమాట మీ చెవిని వెయ్యమని మా చెల్లెలు పట్టుబడితే వచ్చాను. అమ్మకి నా పేరు గుర్తొస్తే చాలు. స్థలం పోతే పోయింది" అన్నాడు.

ఇలాంటి కరపత్రాలు ఇంకా చాలా ఇళ్ళకి చేరి ఉంటాయి. అందుకని ఆ రోజు ఆయనకి చెప్పిన సంగతులే ఇంకొంచెం వివరంగా ఈ వారం మీకు చెబుతాను.

వయసు వేరు, జబ్బు వేరు

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వయసు లక్షణం. కళ్ళజోడు చేతిలో పట్టుకుని అదెందుకో తెలియకపోవడం జబ్బు లక్షణం. పక్కింటావిడ పేరు నాలిక చివర ఆడి, కాసేపటికి గుర్తొస్తే కంగారు పడక్కరలేదు. నలభై ఏళ్ళుగా తిరుగుతున్న వీధిలో ఇల్లు తెలియక నిలబడిపోతే మాత్రం డాక్టరుకి చూపించాలి. రోజూ వండే పులుసు వండడం తెలియకపోయినా, భోజనం చేసి లేచి నాకింకా అన్నం పెట్టలేదని కోడలిమీద కోపగించుకున్నా అంతే.

ఈ స్థితికి డాక్టర్లు పెట్టిన పేరు డిమెన్షియా. దానికి కారణాలు అనేకం. అన్నిటిలోకి పెద్దది ఆల్జైమర్స్ జబ్బు. నూరుమంది డిమెన్షియా రోగులుంటే వారిలో అరవై డెబ్భైమందికి కారణం అదే. 2023లో వెలువడిన సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది.

జర్మనీలో ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 51 ఏళ్ళ స్త్రీ నొకామెను పరీక్షించాడు. తన పేరు రాయమంటే సగం రాసి మరిచిపోయేది. 1906లో ఆమె చనిపోయాక మెదడుని సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల మధ్య ఏవో గడ్డకట్టిన మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ఆ సంగతి ఆ సంవత్సరమే డాక్టర్ల సభలో చెప్పాడు. 1910లో ఆయన గురువు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకి శిష్యుని పేరు పెట్టాడు.

మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంది. పాతకాలపు కొట్టులో చిట్టా రాసే గుమాస్తా వంటిది. ఇవాళ జరిగినది ముందు చిట్టాలో రాసి, తరువాత తీరికమీద పెద్ద ఆవర్జాలోకి ఎక్కిస్తుంది. ఆల్జైమర్స్‌లో జబ్బు సాధారణంగా మొదట పట్టుకునేది ఈ గుమాస్తానే. అందుకే పెళ్ళినాటి వంటకాలన్నీ వరసగా చెప్పే ముసలమ్మకి పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. ఆవర్జా ఇంకా ఉంది, చిట్టా రాసేవాడు లేడు. కొన్నేళ్ళకి ఆవర్జాలో కాగితాలు కూడా ఒక్కొక్కటే చిరిగిపోతాయి.

మెదడులో కరెంటు ఎక్కడిది?

మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది చిన్నచిన్న విద్యుత్ సంకేతాలతోనే. మాట మందగించినచోట బయటినుంచి కాస్త కరెంటు అందిస్తే ఏమవుతుంది అన్నది ఈ వైద్యానికి మూలమైన ఆలోచన. ఇది మరీ కొత్తదేమీ కాదు. రోమన్ల కాలంలోనే స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికి కరెంటు కొట్టే చేపను నుదుటిమీద పెట్టమని రాశాడు.

కరెంటు అనగానే చాలామందికి షాకు ట్రీట్‌మెంటు గుర్తుకొస్తుంది. అది వేరు. 1938లో ఇటలీలో మొదలైన ఆ చికిత్సలో మూర్ఛ తెప్పిస్తారు. తీవ్రమైన మానసిక కుంగుబాటు వంటి వాటికి మత్తుమందు ఇచ్చి ఈనాటికీ వాడుతున్నారు. నేను చెప్పబోయేదానిలో మూర్ఛ తెప్పించడమనేది లేదు.

1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబీద్, పోలక్ అనే డాక్టర్లు చేతులు విపరీతంగా వణికే రోగులకి మెదడు లోతున సన్నని తీగ దింపి, ఎడతెగకుండా చిన్న కరెంటు ఇస్తే వణుకు తగ్గుతుందని చూపించారు. ఆ తీగ చర్మం కిందుగా మెడమీదుగా వచ్చి, ఛాతీమీద కంటె ఎముక కింద అమర్చిన బ్యాటరీకి కలుస్తుంది. దీన్ని డి.బి.ఎస్. అంటారు. పార్కిన్సన్స్ జబ్బులో తగిన రోగిని ఎంచుకుని చేస్తే ఇది చక్కగా పనిచేస్తుంది. మన దేశంలోనూ చేస్తున్నారు. వణుకుకి పనికొచ్చినది మతిమరుపుకి పనికిరాదా అన్న ప్రశ్న రావడం సహజమే. 1985లోనే కెనడాలో ఒక రోగికి మెదడులో మరోచోట ఇలా కరెంటు ఇచ్చి చూశారు. మతి మెరుగుపడలేదు.

టొరంటోలో జరిగిన వింత

2003లో టొరంటోలో ఆండ్రెస్ లొజానో అనే సర్జను 190 కిలోల బరువున్న 50 ఏళ్ళ మనిషికి డి.బి.ఎస్. ఆపరేషను చేశాడు. ఆకలిని అదుపు చెయ్యాలని ఆయన ఉద్దేశం. ఇటువంటి ఆపరేషనులో రోగి మెలకువగానే ఉంటాడు. కరెంటు పెట్టగానే ఆ మనిషి ఉన్నట్టుండి, తాను ఒక పార్కులో స్నేహితులతో ఉన్నట్టుందన్నాడు. అది ముప్ఫై ఏళ్ళనాటి దృశ్యం. కరెంటు పెంచినకొద్దీ దృశ్యం స్పష్టమయింది. మూడువారాల తరువాత కరెంటు ఉండగా పరీక్షిస్తే కొన్ని జ్ఞాపకశక్తి పరీక్షల్లో మునుపటికంటే మెరుగ్గా చేశాడు.

తీగ దిగినచోటికి పక్కనే ఫోర్నిక్స్ అనే నరాల కట్ట ఉంది. అది మన గుమాస్తా హిప్పోకాంపస్‌నుంచి మిగతా మెదడుకి వెళ్ళే ప్రధానమైన దారి. ఈ సంగతి 2008లో ప్రచురించారు. తరువాత ఆరుగురు ఆల్జైమర్స్ రోగులకి అదేచోట తీగలు అమర్చి ఏడాదిపాటు చూశారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం జబ్బువల్ల చక్కెర వాడకం తగ్గిపోయిన మెదడు భాగాలు తిరిగి చక్కెర వాడుకోవడం మొదలుపెట్టాయి. మెదడుకి చక్కెరే ఆహారం కనుక ఇది ఆశపుట్టించే కబురే. కాని రోగులు ఆరుగురే. పోల్చి చూడడానికి వేరే జట్టు లేదు.

ఉత్తుత్తి చికిత్స ఎందుకు?

పోల్చి చూడడమెందుకని మీరడగవచ్చు. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో చూసినది చెబుతాను. నీరసమని వచ్చినవాళ్ళకి ఎర్రరంగు టానిక్కు సీసా ఇచ్చి, ఆప్యాయంగా నాలుగు మాటలు చెప్పి పంపితే, పదిరోజుల తరువాత నూటికి చాలామంది "మీ మందు అమృతమండీ" అంటూ వచ్చేవారు. అందులో మందు ఎంత, మాటలు ఎంత అన్నది నాకీనాటికీ తెలియదు.

మతిమరుపులో ఈ చిక్కు మరీ ఎక్కువ. రోగికి ఒకరోజు మంచిగా, ఒకరోజు చెడ్డగా ఉంటుంది. చికిత్స పేరుతో వారానికోసారి పట్నం తీసుకెళ్ళి, నర్సులు పలకరించి, ఇంటిల్లిపాదీ ఆశగా చూస్తూంటే నాలుగు రోజులు ముఖం వికసిస్తుంది. ఇదంతా కరెంటు మహిమే అనుకుంటాం. అందుకే రైతు కొత్త ఎరువుని ఒక మడిలో వేసి, పక్కమడిలో వెయ్యకుండా ఉంచినట్టు, రోగులను రెండు జట్లు చేస్తారు. చీటీలు తీసినట్టు అదృష్టవశాన ఎవరు ఏ జట్టులో పడితే అందులో ఉంటారు. ఒక జట్టుకి నిజమైన చికిత్స, రెండోదానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి చికిత్స. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, మార్కులు వేసే డాక్టరుకీ తెలియదు.

ఫోర్నిక్స్ చికిత్సకి ఈ పరీక్ష అమెరికా, కెనడా దేశాల్లో జరిగింది. జబ్బు ప్రారంభదశలో ఉన్న 42 మందికి ఆపరేషను చేసి తీగలు అమర్చారు. సగంమందికి కరెంటు పెట్టారు. మిగతా సగానికి ఏడాదిపాటు కట్టేసి ఉంచారు. 2016లో ఫలితాలు ప్రకటించారు. ఆరునెలలకి కరెంటు జట్టులో మెదడు చక్కెర వాడకం పెరిగింది గాని, ఏడాదికి ఆ తేడా నిలవలేదు. జ్ఞాపకశక్తి మార్కుల్లో మొత్తంమీద రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 65 దాటినవారికి కొంత మేలు జరిగినట్టు, అంతకంటే చిన్నవారికి కీడే జరిగినట్టు ఛాయగా కనిపించింది. ఇలా తరువాత విడదీసి చూసిన లెక్కని ఋజువు అనలేం. మళ్ళీ పరీక్షించి తేల్చుకోవలసిందే.

మెదడులో తీగ దింపడమంటే రక్తస్రావం, చీము పట్టడం వంటి ప్రమాదాలు ఎంతోకొంత తప్పవు. లాభం తేలనప్పుడు ఆ ప్రమాదం ఎందుకు కొనితెచ్చుకోవాలి? అందుచేత డి.బి.ఎస్. ఆల్జైమర్స్‌కి ఇంకా పరీక్షల దశలోనే ఉంది.

పుర్రె తెరవకుండా చేసేవి

మనవాడి కరపత్రంలో ఉన్నది ఆపరేషను కాదు, అయస్కాంతం. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం తలమీద తీగచుట్ట పెట్టి, అందులో క్షణంసేపు బలమైన కరెంటు పంపితే, పుట్టిన అయస్కాంతశక్తి పుర్రెని దాటి లోపలి కణాలను కదిలిస్తుందని చూపించింది. టి.ఎం.ఎస్. అంటారు. కోత లేదు, మత్తు లేదు. తలమీద టకటకమని చప్పుడు, కాస్త చురుకు, కొందరికి తలనొప్పి. మానసిక కుంగుబాటుకి దీన్ని అమెరికాలో 2008లో అనుమతించారు.

ఆల్జైమర్స్‌కి దీని పరీక్షలు చాలా జరిగాయి. వాటిలో చెప్పుకోదగ్గది 2022లో రోమ్ నగరంనుంచి వచ్చింది. మెదడు వెనుకభాగంలో నడిమధ్యన ఉండే ప్రీక్యూనియస్ అనే చోటికి, 50 మంది రోగుల్లో సగానికి నిజమైన అయస్కాంతం, సగానికి ఉత్తుత్తిది పెట్టారు. మొదటి రెండువారాలు దాదాపు ప్రతిరోజూ, తరువాత 22 వారాలు వారానికోసారి. ఆరునెలల తరువాత ఉత్తుత్తి జట్టువారు ఊహించినట్టే దిగజారారు. నిజమైన చికిత్స పొందినవారు దాదాపు ఉన్నచోటే ఉన్నారు. స్నానం, దుస్తులు, డబ్బులెక్క వంటి రోజువారీ పనుల్లోనూ తేడా కనిపించింది.

మంచి కబురే. కాని జాగ్రత్తగా చదవండి. జారడం నెమ్మదించింది గాని, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. రోగులు ప్రారంభదశ, మధ్యదశవారు. సంఖ్య 50. మరో పద్ధతిలో అయస్కాంతాన్ని, మెదడుకి పని చెప్పే అభ్యాసాలను జోడించిన ఒక మిషను సంగతి 2019లో అమెరికా ప్రభుత్వ నిపుణుల సంఘం ముందుకి వెళ్ళింది. లాభం ఋజువు కాలేదని వారు అభిప్రాయపడ్డారు. అందుచేత రోమ్ ఫలితం ఇంకా పెద్ద సంఖ్యలో, ఇతర చోట్ల నిలబడాలి. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో ఎలక్ట్రానిక్ పరికరం ఉన్నవారికి ఈ చికిత్స పనికిరాదు. ఫిట్సు ఉన్నవారి విషయంలో చాలా జాగ్రత్త కావాలి.

తలకి తడిస్పాంజి కట్టి ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు పంపడం ఇంకో పద్ధతి. దాని ఫలితాలు ఒకచోట ఔనన్నట్టు, మరోచోట కాదన్నట్టు ఉన్నాయి. ఈ పరికరాలు తెప్పించుకుని ఇంట్లో సొంతవైద్యం చెయ్యకండి.

సెకనుకి 40 సార్లు మినుకుమనే దీపం సంగతీ మీరు వినే ఉంటారు. 2016లో అమెరికాలో ఎలుకలకి ఆ వెలుగు చూపిస్తే మెదడులో మచ్చలకి కారణమైన పదార్థం తగ్గిందన్నారు. 2023లో మరో ప్రయోగశాల అదే చేసి చూస్తే తమకా ఫలితం కనిపించలేదంది. మనుషుల్లో పరీక్షలు సాగుతున్నాయి. అవి తేలేవరకూ ముసలివాళ్ళ ముందు మినుకుదీపాలు పెట్టకండి. కొందరికి ఫిట్సు రావచ్చు.

డబ్బు కట్టేముందు అడగవలసినవి

మన కరపత్రం మనిషికి నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. మీరూ కత్తిరించి దాచుకోండి.

1. ఇది పరీక్షా, చికిత్సా? పరీక్ష అయితే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు నంబరు ఉండాలి. నైతిక పర్యవేక్షణ సంఘం అనుమతి ఉండాలి. అడిగితే చూపించాలి.

2. పరీక్ష అయితే పరిశోధన ఖర్చుకి రోగి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు. డబ్బు అడుగుతూ, "ఇది కొత్త పరిశోధన" అంటే అనుమానించండి.

3. చికిత్స అయితే ఆల్జైమర్స్‌కి దాన్ని వాడమని ఎవరు అనుమతించారు? వేరే జబ్బుకి అనుమతి ఉన్న మిషనుని దీనికి ఉపయోగించడం వేరు సంగతి.

4. నష్టాలేమిటో మీకు వచ్చిన భాషలో రాసిచ్చారా? గ్యారంటీ అన్నచోట ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. నిజమైన పరీక్ష జరిగేచోట ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. ఫలితం ముందే తెలిస్తే పరీక్ష ఎందుకు?

ఇంకొకటి నోటితో చెప్పాను. సంతకం కొడుకు పెట్టినా, తల్లిని కూడా అడగాలి. పేర్లు మరిచినంతమాత్రాన ఇష్టానిష్టాలు పోవు. వద్దని తల పక్కకి తిప్పుకుంటే అదీ జవాబే.

ముందు ఇంట్లో వెతకండి

ఆ తరువాత ఆవిడ వాడుతున్న మందులన్నీ సంచీతో సహా బల్లమీద పోయించాను. దురదకని ఎవరో రాసిచ్చిన పాతరకం అలర్జీ మాత్ర రెండేళ్ళనుంచి పూటపూటా మింగుతోంది. ముసలితనంలో అలాంటి మాత్రలు మతిని మందగింపజేస్తాయి. రక్తపరీక్షలో బి-12 విటమిను బాగా తక్కువగా ఉంది. చెవి సరిగా వినిపించడం లేదు. థైరాయిడ్ బాగానే ఉంది. స్కానులో రక్తపు గడ్డ, నీరు చేరడం వంటివేమీ లేవు. మాత్ర మాన్పించి, బి-12 ఇంజెక్షన్లు ఇచ్చి, చెవి మిషను పెట్టించి, ఆల్జైమర్స్‌కి వాడే డోనెపిజిల్ మాత్ర చిన్న మోతాదులో మొదలుపెట్టాం. ఈ మాత్ర జబ్బుని నయం చెయ్యదు, కొందరికి కొంతకాలం ఊతమిస్తుంది. కుంగుబాటు కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది. అదీ చూసుకోవాలి.

రాకుండా చూసుకోవడానికి కొంత మన చేతిలో ఉంది. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు 14 కారణాలను లెక్కగట్టారు. బి.పి., షుగరు, పొగ, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం, తలకి దెబ్బలు వాటిలో కొన్ని. వీటన్నిటినీ అదుపు చెయ్యగలిగితే నూటికి 45 వరకు డిమెన్షియా కేసులు రాకుండానో, ఆలస్యంగా వచ్చేటట్టో చెయ్యవచ్చని వారి అంచనా. మన హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన సంగతి ఒకటుంది. ఒకే భాష తెలిసినవారికంటే రెండో భాష కూడా మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

ఒక మాట నా గురించి

మా అమ్మకి ఈ జబ్బే. పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేస్తే విసుక్కున్నాను. అడిగిందే అడిగితే "ఇందాక చెప్పానుగా" అని కసిరాను. డాక్టరునై ఉండీ రెండేళ్ళు దాన్ని వయసు అనుకున్నాను. తెలిశాక నేనూ పుస్తకాలు తిరగేసి, విదేశాల పరీక్షల సంగతులు రాత్రిళ్ళు చదివాను. అందుచేత స్థలం అమ్ముదామన్న ఆ కొడుకుని నేను తప్పుపట్టలేదు. ఆశ పడడం తప్పు కాదు. ఆశని అమ్ముకునేవాడిదే తప్పు.

ఆయన రిజిస్ట్రేషను మానుకున్నాడు. మూడునెలల తరువాత తల్లిని తీసుకొచ్చాడు. జబ్బు పోలేదు. పగటిపూట కునుకుపాట్లు తగ్గాయి. మాట వినిపిస్తోంది గనుక పలుకుతోంది. కొడుకు పేరు మాత్రం గుర్తురావడం లేదు. చెల్లెలు నెలకి పదిరోజులు వచ్చి ఉంటోంది. కోడలికి రాత్రిపూట నిద్ర దొరుకుతోంది. ఇలాంటి ఇళ్ళల్లో రోగితోపాటు చాకిరీ చేసేవారిని కూడా డాక్టరు పలకరించాలి. సలహా కావలసినవారు వృద్ధుల సహాయానికి ప్రభుత్వం పెట్టిన 14567 నంబరుకి ఫోను చెయ్యవచ్చు.

వెళ్ళబోతూ ఆయన అడిగాడు: "పేరు గుర్తులేనప్పుడు నేనెవరో ఆవిడకి తెలుస్తుందాండీ?" ఆవిడ వైపు చూడమన్నాను. వచ్చినప్పటినుంచీ కొడుకు చొక్కా చెంగు గట్టిగా పట్టుకునే ఉంది.